మర ఆడుతోందని తెలిసేదెలా?

భోగి నాలుగు రోజులుందనగా ఏ పట్నంలోనైనా పిండిమర ముందు దృశ్యం ఒకటే. స్టీలు డబ్బాలు, ప్లాస్టిక్ బకెట్లు, తడిగుడ్డ కప్పిన బేసిన్లు వరసగా నేలమీద ఉంటాయి. మనుషులు అటూ ఇటూ తిరుగుతున్నా డబ్బాలు మాత్రం బుద్ధిగా క్యూలో నిలబడతాయి. లోపల చెవులు చిల్లులు పడే మోత. బయట 'మీ తర్వాత మాదే కదండీ' అన్న వాకబులు. మర యజమానికి తలెత్తే తీరిక ఉండదు. తలనుంచి కనుబొమల దాకా తెల్లటి పిండి.

సరిగ్గా అదే సమయానికి, ఆ మరకు అర కిలోమీటరు దూరంలో, కొత్తగా లేచిన అపార్ట్‌మెంట్ నాలుగో అంతస్తులో ఓ ఇల్లాలు ఉందనుకోండి. ఆ ఊరొచ్చి ఆర్నెల్లయింది. అరిసెలకని ముందురోజే బియ్యం నానబోసింది. పొద్దున్నే వడకట్టి గుడ్డమీద పోసింది. ఇక తడి ఆరకముందే ఆడించాలి. ఆ పిండి తడిమీదే పాకంలో పడాలి. ఆరిందా, అరిసె నూనెలో విచ్చిపోతుంది. మర్నాటి దాకా ఆగుదామంటే బియ్యం పులుస్తాయి. మర ఎక్కడుందో ఆవిడకు తెలీదు. పక్క ఫ్లాటువాళ్లూ కొత్తవాళ్లే. చేతిలో ఫోనుంది కాబట్టి 'దగ్గర్లో పిండిమర' అని దాన్నే అడిగింది. మూడు పేర్లొచ్చాయి. అర కిలోమీటరులో ఉన్నదాని కింద ఎర్ర అక్షరాలతో 'మూసివేశారు' అని ఉంది. రెండోదానికి వేళలే లేవు. మూడోది నాలుగు కిలోమీటర్ల అవతల. కానీ 'తెరిచి ఉంది'. ఇంకేముంది, బేసిను పట్టుకుని ఆటో ఎక్కింది.

మోత మోగిపోతున్న ఆ మొదటి మర యజమానికి ఈ సంగతి ఎప్పటికీ తెలీదు. వచ్చి బేరం కుదరక తిరిగిపోయిన గిరాకీ కంటికి కనిపిస్తుంది. అసలు గుమ్మందాకా రాని గిరాకీ కనిపించదు. ఆ ఇల్లాలు పోగొట్టింది ఒక్క పండగ పిండే కాదు. ఎండాకాలం కారం, పసుపు, నెలనెలా గోధుమపిండి, రాగిపిండి... అన్నీ ఆ దూరపు మరకే వెళ్తాయి. ఒకసారి అలవాటైన మరను మార్చడం ఆడవాళ్లకు దాదాపు దర్జీని మార్చినంత పని.

'నా మరకు ఈ గూగుల్ గోలెందుకు? ముప్ఫై ఏళ్లుగా ఆడుతోంది. ఊరందరికీ తెలుసు' అనే పెద్దమనిషికి చెప్పాల్సింది ఒకటే. ఊరందరికీ తెలుసు, నిజమే. కానీ ఊరు మారింది!

గోడమీది రాత ఫోన్లోకి

'ఇచ్చట కారం, పసుపు, తడి బియ్యం పట్టబడును.' మర గోడమీద నీలిరంగులో ఈ వాక్యం చూడనివాళ్లుండరు. చిన్న వ్యాపారానికి ఒకప్పుడు అదే ప్రకటన. టెలిఫోన్ డైరెక్టరీలో పసుపు రంగు పేజీలుండేవి కానీ వాటిలో పిండిమరకు చోటెక్కడిది! 1996లో ముంబయిలో మొదలైన జస్ట్ డయల్ మరో దారి చూపింది. ఫోన్‌చేసి ఫలానా పనివాడు కావాలంటే నంబరు చెప్పేవారు. 2005 ఫిబ్రవరిలో గూగుల్ మ్యాప్స్ వచ్చింది. దుకాణదారులు తమ వివరాలను తామే దిద్దుకునే ఏర్పాటుకు గూగుల్ 2014లో 'గూగుల్ మై బిజినెస్' అని పేరుపెట్టింది. 2021 నవంబరులో దాన్ని 'గూగుల్ బిజినెస్ ప్రొఫైల్' అని మార్చింది. పేరు ఏదైనా, పైసా ఖర్చు లేదన్నది మారలేదు.

చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. దుకాణం పేరు మ్యాపులో ఎక్కడానికి యజమాని ప్రమేయం అక్కర్లేదు. ఆ దారినపోయే కుర్రాడెవరో, మ్యాపులో వివరాలు చేరిస్తే వచ్చే పాయింట్ల కోసం, ఓ ఫొటో తీసి 'పిండి మిల్లు' అని పెట్టేయొచ్చు. తనకు తోచిన వేళలూ రాసేయొచ్చు. ఏ మధ్యాహ్నం రెండింటికో వచ్చి షట్టర్ దించి ఉండటం చూసినవాడు 'శాశ్వతంగా మూసేశారు' అని చెప్పినా చెప్పొచ్చు. అన్నిటినీ గూగుల్ ఒప్పుకోదు. కొన్నిటిని ఒప్పుకుంటుంది. అంటే, ఎవరూ పట్టించుకోని గోడమీద ఎవరు ఏది రాసినా చెల్లినట్టే.

కాబట్టి మొదటి పని తన దుకాణం పేరును తానే వెతుక్కోవడం. మ్యాపులో అది కనబడితే దానికింద 'ఈ వ్యాపారం మీదేనా' అన్న అర్థంలో ఓ మాట ఉంటుంది. దాన్ని నొక్కి ముందుకెళ్లాలి. కనబడకపోతే కొత్తగా చేర్చుకోవాలి. ఆ తర్వాత ఇది నిజంగా మీ దుకాణమేనని రుజువు అడుగుతారు. కొందరికి ఫోను, మెసేజీ ద్వారా అయిపోతుంది. ఇప్పుడు ఎక్కువమందిని వీడియో అడుగుతున్నారు. ఆ ప్రొఫైల్లోంచే ఫోనుతో ఆగకుండా ఒకే వరసలో తీయాలి. ముందే తీసిపెట్టుకున్నది పనికిరాదు. ముక్కలు అతికించినదీ పనికిరాదు. వీధి, పక్కనున్న గుడో బడో, బోర్డు, ఆ తర్వాత తాళం తీసి లోపలికి వెళ్లడం, మోటారు స్విచ్చి వేయడం... ఇంతే. మర యజమానికి ఇంతకన్నా సులువైన పరీక్ష ఉండదు. మోటారు వేసి చూపించాక అది మర కాదని ఎవరంటారు! మనుషుల ముఖాలు, బ్యాంకు కాగితాలు అందులో పడకుండా చూసుకుంటే చాలు.

అన్నట్టు, యూట్యూబులో పాత వీడియోలు చూసి నేర్చుకునేవాళ్లకు ఓ మాట. వాటిలో చెప్పే 'గూగుల్ మై బిజినెస్' యాప్‌ను 2022లో ఆపేశారు. ఉచితంగా ఇచ్చిన చిన్న వెబ్‌సైట్లు 2024 మార్చిలో పోయాయి. గిరాకీతో మాట్లాడుకునే చాట్ సదుపాయం 2024 జులై చివరితో ముగిసింది. వాటికోసం గంటలు గంటలు వెతికి 'నా ఫోన్లో రావట్లేదు' అని విసుక్కోనక్కర్లేదు. ఇప్పుడు పనంతా మామూలు గూగుల్‌లోనో, మ్యాప్స్‌లోనో మన ఖాతాతో లోపలికి వెళ్లి చేసుకోవడమే.

బోర్డు మీదున్నదే పేరు

ఇక్కడ ఆశకు పోయేవాళ్లే ఎక్కువ. బోర్డు మీద 'శ్రీ లక్ష్మీ ఫ్లోర్ మిల్' అని ఉంటుంది. ఫోన్లో మాత్రం 'శ్రీ లక్ష్మీ ఫ్లోర్ మిల్ బెస్ట్ పిండి కారం పసుపు హోమ్ డెలివరీ' అని రాస్తారు. ఎవరు ఏది వెతికినా తగలాలని. అది నిబంధనలకు విరుద్ధం. బోర్డు మీద, బిల్లు మీద ఉన్న పేరే ఇక్కడా ఉండాలి. లేకపోతే ప్రొఫైల్‌ను నిలిపేస్తారు. మళ్లీ తెరిపించుకోవడానికి విన్నపాలు పెట్టుకుంటూ తిరగాలి. అది సరిగ్గా పండగ వారంలో వచ్చిపడితే?

మరి మిగతా మాటలన్నీ ఎక్కడ రాయాలి? దానికి 750 అక్షరాల 'వివరణ' ఉంది. అక్కడ ఓ చిన్న తెలివి చూపించొచ్చు. హైదరాబాద్‌లో ఒకే అపార్ట్‌మెంట్లో ఓ ఇంటివాళ్లు 'పిండి మరాడించుకొస్తా' అంటారు. ఎదురింటివాళ్లు 'గిర్నికి పోయి పట్టిచ్చుకొస్త' అంటారు. పక్కింటి పిల్ల 'ఫ్లోర్ మిల్' అని టైపు చేస్తుంది. ముగ్గురూ వెతికేది ఒక్కదాన్నే. కాబట్టి వివరణలో మర, గిర్ని, మిల్లు... మూడు మాటలూ పడాలి. పేర్ల చిట్టాలా కాదు, చదవడానికి బాగుండే రెండు మూడు వాక్యాల్లో. ఏమేం పడతారు, ఏవి పట్టరు, పొట్టు వేరుచేసి ఇస్తారా, ఎంత తక్కువైతే తీసుకోరు... గిరాకీ గుమ్మందగ్గర అడిగే ప్రశ్నలే ఆ వివరణకు సరుకు.

తర్వాతది మ్యాపులో పిన్ను. మర ఎప్పుడూ మెయిన్‌రోడ్డు మీద ఉండదు. సందులో సందు. పిన్నేమో అవతలి వీధిలో ఎవరింటి మీదో పడి ఉంటుంది. వచ్చినవాళ్లు ఆ ఇంటి కాలింగ్‌బెల్ కొడతారు. ఆ ఇంటివాళ్ల తిట్లు మరకు చేరవు కానీ గిరాకీ మాత్రం వెనక్కెళ్తుంది. వేలితో జరిపి, షట్టర్ ఎక్కడుందో సరిగ్గా అక్కడ పెట్టాలి. ఐదు నిమిషాల పని.

వేళల దగ్గర మాత్రం ఐదు నిమిషాలు కాదు, కాస్త కూర్చుని ఆలోచించాలి. మన చిన్న పట్నాల్లో పొద్దున ఎనిమిదింటికి తీసి, ఒంటిగంటకు కట్టేసి, భోంచేసి ఓ కునుకు తీసి, నాలుగింటికి మళ్లీ తీయడం మామూలే. ప్రొఫైల్లో ఒకే రోజుకు ఇలా రెండు పూటల వేళలు విడివిడిగా ఇవ్వొచ్చు. చాలామంది '8 నుంచి 8' అని పెట్టేస్తారు. మిట్టమధ్యాహ్నం ఎండలో వచ్చి తాళం చూసినవాళ్లు తిరిగి రారు. వచ్చినా ముందు ఒక్క నక్షత్రం ఇచ్చి వస్తారు.

పండగ వేళలకు వేరే గడి ఉంది. సంక్రాంతి ముందు వారమంతా రాత్రి పదింటి దాకా, పండగ నాడు సెలవు, కనుమ నాడు సాయంత్రం మాత్రమే... ఇలా తేదీలవారీగా ముందే రాసిపెట్టొచ్చు. ఆ తేదీలు దాటాక మామూలు వేళలు వాటంతటవే వస్తాయి. ఇది చేయకపోతే సెలవు రోజుల్లో గూగుల్ తనే 'వేళల్లో తేడా ఉండొచ్చు' అని ఓ అనుమానపు ముక్క తగిలిస్తుంది. నానిన బియ్యం చేతిలో ఉన్న మనిషి అనుమానం మీద బయల్దేరదు. 'ఇప్పుడు తెరిచినవే చూపించు' అని అడిగే అలవాటు కూడా జనానికి పెరిగింది. ఆ వడపోతలో, మూసి ఉన్నట్టు రాసుకున్న దుకాణం అసలు కనిపించనే కనిపించదు. మోటారు కాలి వారంపాటు మర ఆగిందనుకోండి, దానికి 'తాత్కాలికంగా మూసివేత' ఉంది. బాగుచేయించాక దాన్ని తీసేయడం మర్చిపోకూడదు. ఆ మరుపు అలాగే ఉండిపోతే మర ఆడుతున్నా ఆడనట్టే.

ఇవాళ ఏం పడుతున్నారు?

పేరు, పిన్ను, వేళలు... ఇవి బోర్డు లాంటివి. ఒకసారి రాస్తే చాలాకాలం ఉంటాయి. బోర్డు కింద పలకమీద సుద్దముక్కతో రాసేది వేరే ఉంటుంది కదా! 'ఈరోజు కారం లేదు', 'రేపు సెలవు' అని. దానికి సరితూగేదే 'అప్‌డేట్'. 2017 నుంచి చిన్న వ్యాపారులందరికీ ఈ సదుపాయం ఉంది. ఓ ఫొటో, నాలుగు ముక్కలు. ఆఫర్ అయితే ఏ తేదీనుంచి ఏ తేదీదాకా అని, ఏదైనా కార్యక్రమమైతే ఎప్పుడని వేరుగా పెట్టుకోవచ్చు. మామూలు కబురైతే మామూలుగానే.

పిండిమరకు అప్‌డేట్ ఎందుకన్నది మర పని తెలిసినవాళ్లకు వెంటనే అర్థమవుతుంది. అక్కడ రోజులన్నీ ఒకటి కావు. కారం పట్టిన రాయిమీద వెంటనే గోధుమలు పోస్తే చపాతీ మండుతుంది. పసుపు పట్టాక బియ్యం పోస్తే పిండి పచ్చబడుతుంది. తడి బియ్యం పట్టాక రాయి ఆరబెట్టి తుడుచుకోవాలి. అందుకే కొందరు వేరే మిషన్లు పెట్టుకుంటారు. ఒకే మిషనున్నవాళ్లు రోజులు పంచుకుంటారు. రాళ్లకు గాట్లు పెట్టించే రోజైతే ఏదీ ఆడదు. ఈ రోజుల లెక్క మర యజమాని బుర్రలో ఉంటుంది, పాత గిరాకీలకు తెలుసు. కొత్తవాళ్లకు? వాళ్లకు చెప్పడానికే ఆ పలక.

మరి ఏం రాయాలి? చాలామంది పెట్టేది ఏంటంటే... గులాబీపువ్వు బొమ్మ, దానిమీద 'శుభోదయం'. లేదా ఇంటర్నెట్లో దొరికిన దీపాల ఫొటో, 'మా ఖాతాదారులందరికీ పండగ శుభాకాంక్షలు'. శుభాకాంక్షలు మంచివే. ఇంటి వాట్సాప్ గ్రూపులో చాలినన్ని వస్తున్నాయి. మర దగ్గర జనం అడిగేది అవి కాదు.

ఇలా రాసి చూడొచ్చు: 'తడి బియ్యం ఈ నెల 9 నుంచి 13 వరకు రోజూ పొద్దున 6 గంటల నుంచి. 12, 13 తేదీల్లో మధ్యాహ్నం కూడా కట్టేయం. బియ్యం బాగా వడకట్టి తెండి, నీళ్లు కారుతుంటే పిండి ముద్దవుతుంది.' అంతే. ఇందులో మూడు సంగతులున్నాయి. ఎప్పుడు, ఎంతసేపు, ఎలా తేవాలి. మూడోదాన్ని తక్కువగా చూడకూడదు. కొత్త కాపురాల్లో అరిసెలు మొదటిసారి వండేవాళ్లకు ఆ ఒక్క మాట అమ్మ చెప్పినట్టుంటుంది. అలా చెప్పిన మరకే వెళ్లాలనిపిస్తుంది.

1500 అక్షరాల దాకా రాయనిస్తారు కానీ జాబితాలో ముందు కనిపించేది ఒకటి రెండు వరసలే. కాబట్టి 'మా సంస్థ గత ముప్ఫై సంవత్సరాలుగా...' అని ఎత్తుకుంటే అసలు కబురు కిందకు పోతుంది. తేదీ, సరుకు పేరు మొదటి వరసలోనే రావాలి. ఫోన్ నంబరును ఆ రాతలో ఇరికించకూడదు. అలాంటివాటిని తిప్పికొడతారు. నంబరుకు ప్రొఫైల్లో వేరే చోటుంది, నొక్కితే ఫోను వెళ్లే బటనూ ఉంది. ధర రాస్తే దాని పక్కన తేదీ ఉండాలి. లేకపోతే పోయినేడాది రేటు చూపించి ఈ ఏడాది తగువుకొస్తారు. ఫొటో మాత్రం సొంతదే అయి ఉండాలి. పొద్దుటి వెలుతురులో మర ముందు నిలబడి తీసిన మామూలు ఫొటో చాలు. దాన్ని చూస్తే సందు గుర్తుపట్టగలగాలి. ఫారిన్ గోధుమ చేల ఫొటో పెడితే సందు దొరుకుతుందా?

తెలుగులో రాయాలా, ఇంగ్లీషులోనా అన్న సందేహమూ వస్తుంది. తెలుగులోనే మొదలుపెట్టి కింద ఒక్క వరస ఇంగ్లీషు చేర్చడం మేలు. తెలుగు రాని పొరుగు రాష్ట్రాలవాళ్లు ఇప్పుడు ప్రతి అపార్ట్‌మెంట్లోనూ ఉన్నారు. వాళ్లకూ గోధుమపిండి కావాలి. మనకన్నా ఎక్కువే కావాలి!

ఎన్నాళ్లకోసారి? రోజూ పెడితే జాబితాలో మొదటి పేరు మీదే అవుతుందని చెప్పి నెలకింత అని వసూలుచేసే కుర్రాళ్లు బయల్దేరారు. వాళ్ల మాట నమ్మి డబ్బు పోసుకోనక్కర్లేదు. వరస దేన్నిబట్టి వస్తుందో గూగుల్ తానే చెబుతుంది. అడిగినదానికి ఆ దుకాణం ఎంతవరకు సరిపోతుంది, ఎంత దూరంలో ఉంది, ఎంత పేరుంది అన్నవే ముఖ్యం. 'ప్రకటన' అని రాసి చూపించేవి వేరు. మామూలు జాబితాలో చోటు డబ్బుకు దొరకదు. అప్‌డేట్ చేసేది అది కాదు. మూడు పేర్ల దగ్గర ఆగిన వేలు ఏ పేరుమీద పడాలో అది తేలుస్తుంది. నిన్నటి తేదీతో కబురున్న దుకాణం బతికున్నట్టు కనిపిస్తుంది. రెండేళ్ల కిందటి దీపావళి దగ్గర ఆగిపోయింది ఎలా కనిపిస్తుందో చెప్పాలా! పదిహేను రోజులకొకటి, పండగ వారాల్లో రెండు మూడు... పిండిమరకు అంతకన్నా అక్కర్లేదు. చెప్పడానికేమీ లేనివారం ఊరుకోవడమే మంచిది.

వాట్సాప్ గ్రూపు ఉండగా ఇదెందుకని అడిగేవాళ్లున్నారు. వాట్సాప్‌లో కబురు అందేది మన నంబరు ఉన్నవాళ్లకే, అంటే ఇప్పటికే వస్తున్నవాళ్లకు. ఆ నాలుగో అంతస్తు ఇల్లాలు ఆ గ్రూపులో లేదు. రెండూ ఉండాలి, ఒకే కబురు రెండుచోట్లా పెట్టుకోవచ్చు.

ఇంట్లోనే మసాలాపొడులు, సున్నిపిండి చేసి అమ్మే ఆడవాళ్లకు ఇంటి చిరునామా లోకమంతటికీ చూపించడం ఇష్టముండదు. సబబే. గిరాకీ ఇంటికి రాకుండా తామే అందించేవాళ్లు చిరునామా దాచిపెట్టి, ఏయే పేటలకు ఇస్తారో మాత్రం రాసుకోవచ్చు. ఆ ఏర్పాటు ప్రొఫైల్లోనే ఉంది.

తిట్టినా జవాబు చెప్పాలి

నక్షత్రాల గోల ఓ పెద్ద భయం. 'ఎవడో ఒకడు ఒక్క స్టార్ ఇచ్చిపోతే ముప్ఫై ఏళ్ల పేరు పోదా?' అని. పోదు. దాని కింద ఏ జవాబూ లేకపోతేనే పోతుంది. 'ఇడ్లీపిండి... కారం వాసన. పిల్లలు తినలేదు' అని ఒకావిడ రాసిందనుకోండి. 'మీరు మా షాపుకే రాలేదు' అని ఎదురుతిరిగితే చదివేవాళ్లంతా ఆవిడ పక్షమే. దానికి బదులు: 'నిజమేనమ్మా, ఆరోజు కారం పట్టాక రాయి సరిగా తుడవలేదు. ఇప్పుడు కారానికి మంగళ, శనివారాలే పెట్టాం. ఈసారి మీ పిండి మేమే ఉచితంగా పట్టిస్తాం, రండి.' ఆ జవాబు ఆవిడ కోసం మాత్రమే కాదు. రేపు చదివే వందమంది కోసం.

మంచిమాట రాసినవాళ్లకు రూపాయి తగ్గిస్తామనడం మాత్రం కుదరదు. డబ్బు, తాయిలం ఇచ్చి రాయించుకోవడం నిబంధనలకు విరుద్ధం. ఆన్‌లైన్ సమీక్షలు ఎలా సేకరించాలో, ఎలా ప్రచురించాలో చెబుతూ భారత ప్రమాణాల సంస్థ కూడా 2022 నవంబరులో ఐఎస్ 19000 అనే ప్రమాణాన్ని తెచ్చింది. పిండి బాగుందని చెప్పినవాళ్లను 'ఆ మాటే ఫోన్లో రాయరాదూ' అని అడగడం తప్పుకాదు. గిట్టనివాళ్లు రాసిన అబద్ధాలను యజమాని తనంతట తాను చెరిపేయలేడు. తీసేయమని గూగుల్‌కు ఫిర్యాదు చేయగలడు. ఆలోగా కింద మర్యాదగా ఓ జవాబు పెట్టి ఉంచడమే.

'గూగుల్ నుంచి మాట్లాడుతున్నాం సార్'

ఉచితంగా దొరికేదాని చుట్టూ డబ్బు దండుకునేవాళ్లు చేరకుండా ఉంటారా! 'మీ లిస్టింగ్ రేపటితో పోతుంది. వెరిఫికేషన్ ఫీజు కట్టండి' అంటూ ఫోన్లొస్తాయి. హిందీలోనో, ముద్దుముద్దు తెలుగులోనో. ఇది పచ్చి మోసం. ప్రొఫైల్ పెట్టుకోవడానికి, ఉంచుకోవడానికి గూగుల్ డబ్బు అడగదు. ఫోనుకొచ్చిన అంకెల్ని చెప్పమన్నా చెప్పకూడదు. ఆ అంకెలతో ప్రొఫైల్ వాళ్ల చేతికి వెళ్లిపోతుంది. డబ్బు పోయిందంటే క్షణం ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి. సైబర్ నేరాలకు అది జాతీయ హెల్ప్‌లైన్.

ఇంతకన్నా ఎక్కువ ఇళ్లలో జరిగే పొరపాటు వేరే ఉంది. దీంట్లో మోసగాళ్లెవరూ ఉండరు. మరవాళ్లబ్బాయి ఇంజినీరింగ్ చదివే రోజుల్లో సరదాపడి తన మెయిల్‌తో ప్రొఫైల్ తెరుస్తాడు. తర్వాత ఉద్యోగం, బెంగళూరు, ఆపైన అమెరికా. కాలేజీ మెయిల్ ఎప్పుడో పోయింది. పాస్‌వర్డు గుర్తులేదు. సెలవు రోజు వేళలు మార్చాలంటే నాన్న రాత్రి పదింటికి ఫోన్ చేయాలి. వాడికి అప్పుడు తెల్లారి, ఆఫీసు హడావుడి. 'సరే నాన్నా, వీకెండ్‌లో చూస్తా' అంటాడు. వీకెండ్ వచ్చేసరికి ఇక్కడ పండగ అయిపోతుంది. ఇంకొందరు ఏజెన్సీవాళ్లకు అప్పగిస్తారు. వాళ్లు తమ ఖాతాతోనే తెరిచి, ఏడాది తర్వాత పడకపోతే తాళంచెవి ఇవ్వరు.

ఈ చిక్కు రాకుండా ఉండాలంటే ముఖ్య యజమానిగా మరలో కూర్చునేవాళ్ల మెయిలే ఉండాలి. కొడుకునైనా, కోడలినైనా, ఏజెన్సీనైనా 'మేనేజరు'గా చేర్చుకోవచ్చు, అక్కర్లేనప్పుడు తీసేయొచ్చు. ఇప్పటికే ఎవరి చేతిలోనో చిక్కుకుంటే, యాజమాన్యం తమకిమ్మని ప్రొఫైల్ నుంచే అడిగే వీలుంది. అవతలివాళ్లకు కబురు వెళ్తుంది. నిర్ణీత గడువులో వాళ్లు పలక్కపోతే తరువాతి రుజువులతో దాన్ని తెచ్చుకోవచ్చు. సంక్రాంతి నెల్లాళ్లుందనగా మొదలుపెట్టాల్సిన పని అది, భోగి ముందురోజు కాదు.

లాభమేమైనా ఉందో లేదో తెలుసుకోవడానికి ప్రొఫైల్లోనే ఓ లెక్క కనిపిస్తుంది. నెలలో ఎంతమంది ఫోన్ బటన్ నొక్కారు, ఎంతమంది దారి అడిగారు అని. దారి అడిగినవాళ్లంతా వచ్చారని కాదు. అసలు లెక్క కావాలంటే కొత్త ముఖం కనిపించినప్పుడల్లా 'మా మర ఎలా తెలిసిందమ్మా?' అని అడిగి, గోడమీద సుద్దతో ఓ గీత గీసుకోవడమే. జనవరి గీతల్ని జులై గీతలతో పోల్చుకుంటే ఏ నెలలో ఏ కబురు పెట్టాలో అదే చెబుతుంది.

పండగ వెళ్లిపోగానే తడి బియ్యం కబురు తీసేయాలి. పొడిగించిన రాత్రి వేళలు గడువు దాటి ఉండిపోలేదు కదా అని ఒకసారి చూసుకోవాలి. ఇక మిరపకాయల కాలం. మార్కెట్లోకి కొత్తకాయలు దిగుతూంటాయి, డాబాలమీద ఎర్రటి దుప్పట్లు పరిచినట్టు ఎండుతుంటాయి. ఆ వారం పలకమీద రాయాల్సింది సిద్ధంగానే ఉంది: 'కారం మంగళ, శనివారాలు మాత్రమే. తొడిమలు తీసి, గలగలమనేలా ఎండబెట్టి తెండి. పొద్దున తొమ్మిదిలోపు వస్తే నిలబడక్కర్లేదు.'